చీర మీద చొక్కా

నిన్న పొద్దున ఆఫీసు మెట్లెక్కుతుంటే నాగమణి ఫోన్ చేసింది. కోటమ్మక్క కూతురు.

"అమ్మ పోయిందక్కా" అంది.

"ఏ అమ్మ?" అని అడిగాను పిచ్చిదానిలా. నమ్మబుద్ధి కాలేదు.

గుండెపోటట. ఆస్పత్రి దాకా కూడా వెళ్లలేకపోయారట.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. చిలకలూరిపేట దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో మిరపకాయలు కోసే ఆడకూలీలకు మేస్త్రి. నా మొదటి షార్ట్ ఫిల్మ్‌కి హీరోయిన్.

షూటింగ్ మొదటి రోజు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మన వైపు కాయకోతకు వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుంటారు కదా. ఎండకీ, మంటకీ. నాకేమో ఎర్రటి కాయల మధ్య రంగురంగుల చీరలు కనపడాలి. ఫ్రేమ్ అదిరిపోవాలి.

"అక్కా, ఆ చొక్కాలు తీసేస్తే బాగుంటుంది" అన్నాను. కెమెరా కూడా వంగి కోస్తున్నవాళ్ల వెనకాలే పెట్టించాను.

అక్క కోయడం ఆపి నావైపు తిరిగింది.

"చొక్కా తీస్తే మండేది నీ చేతులా, మా చేతులా? వంగినోళ్ల ఎనకమాల నిలబడి చూసేది మగోళ్లు గదమ్మాయ్. నువ్వు గూడా ఆడే నిలబడ్డావేంది?"

చేలో అందరూ పగలబడి నవ్వారు. నేను తలెత్తలేకపోయాను.

ఆడవాళ్ల చూపుతో సినిమా తీస్తానని ఇదే ఫేస్‌బుక్ వాల్ మీద పేజీలకు పేజీలు దంచినదాన్ని. డైరెక్టర్ ఆడదైతే చాలు, చూపు దానంతటదే మారుతుందనుకున్నాను. తీరా చూస్తే, చిన్నప్పటినుంచి చూసిన సినిమాలే నా కళ్లలోంచి చూస్తున్నాయి.

షూటింగ్ ఆపేశాను. మర్నాడు కెమెరా లేకుండా వెళ్లి అక్క పక్క సాలులో కాయలు కోశాను. సాయంత్రానికి చేతులు భగ్గుమన్నాయి. అక్కే మజ్జిగ పోసి కడిగి, "ఇంక తీసుకో నీ సినిమా" అంది.

ఆ తర్వాత కెమెరా ఆవిడకు ఎదురుగా, మొహం ఎత్తులో పెట్టాం. విసుక్కున్నా, చెమట తుడుచుకున్నా, ఊరికే నిలబడినా కట్ చెప్పలేదు.

పోయిన నెల ఎడిటింగ్ ఇంకా సగంలో ఉండగానే వాళ్లింటికి వెళ్లి లాప్‌టాప్‌లో చూపించాను. అయిపోయాక అక్క మొహం పక్కకు తిప్పుకుంది. నచ్చలేదేమో అని భయమేసింది.

కళ్లు తుడుచుకుని ఇటు తిరిగి, "నన్ను ఇంతసేపు ఎవరు జూశారమ్మాయ్, ఇన్నేళ్లలో" అంది.

ఇంక నడుం వాల్చక్కా.
ఎక్కడున్నా చల్లగా, ప్రశాంతంగా ఉండు.