శాంతమ్మ ఊరి ట్రాన్స్‌ఫార్మర్

పేరు శాంతమ్మే గానీ ఆవిడ నోటికి జడవని మగాడు ఆ ఊళ్ళో లేడు. చర్చిలో ప్రసంగం కాస్త సాగితే చాలు, పాస్టరుగారు కూడా ముందు వరసలో ఆవిడ మొహం చూసి గబగబా ప్రార్థనలోకి దిగిపోయేవారు. మొగుడు పోయాక రెండెకరాల చెరుకు ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన మనిషి. నోరు లేకపోతే ఎలా బతుకుతుంది చెప్పండి?

బుచ్చయ్యపేట దగ్గర వాళ్ళ ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే కరెంటు ఆఫీసు వాళ్ళ కోసం ఎవరూ కాచుకు కూర్చోరు. రైతులే స్తంభమెక్కి, కప్పీ కట్టి దింపి, ట్రాక్టరు మీద అనకాపల్లి షెడ్డుకు మోసుకుపోతారు. బాగయ్యాక మళ్ళీ వాళ్ళే తెచ్చి బిగించుకుంటారు. లైన్‌మేన్ స్టాన్లీ లైను ఆపి పక్కన నిలబడతాడు, అంతే. రెండువేల మూడు ఫిబ్రవరిలోనూ అదే జరిగింది. పాతది పనికిరాదని షెడ్డువాళ్ళు కొత్తదే ఇచ్చారు. శాంతమ్మ ధైర్యం చేసి చెరుకు కొట్టించింది. కొట్టిన చెరుకు ఆగదు. రసం పులిస్తే ఎంత కాచినా బెల్లం దిమ్మ కట్టదు. ఆ ఏటి తిండీ బట్టా అన్నీ ఆ చెరుకు కుప్పలోనే ఉన్నాయి.

కరెంటు గానుగ ఆడుతోంది, బెల్లం కాచే పెనం రసంతో సగం నిండింది. సరిగ్గా అప్పుడు దిగబడ్డాడు కరెంటు ఆఫీసు ఇంజనీరు త్రినాధరావు, వెనకాల లారీ, నలుగురు కూలీలతో.

“లైన్ ఆపవయ్యా స్టాన్లీ. ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఎలమంచిలి వైపు తీసుకెళ్ళాలి.”

“ఏటి బాబూ, ఏటంతన్నావు? గానుగాడతంది, కనబడ్డం నేదా?” అని శాంతమ్మ ఎదురొచ్చింది.

స్టాన్లీ ఆవిణ్ణి పక్కకు తీసుకెళ్ళాడు. “కోపడకత్తా. మన కరెంటు కంపెనీకి ఏడు దేశాల బేంకులు కలిసి అప్పిచ్చేయి. మనోళ్ళందరం కలిసి ట్రాక్టరు కిరాయి కట్టుకోమా, అలాగన్నమాట. ఆ డబ్బుతో ఎలమంచిలి పక్కూరికి కొత్త ట్రాన్స్‌ఫారం ఏసేమని రాసిచ్చేసేరు. రేపా బేంకోలు సూడ్డానికొత్తన్నారు. అక్కడేమో అది నేదు.”

“మరా డబ్బేటయిపోనాది?”

స్టాన్లీ కళ్ళు ఇంజనీరు వైపు తిరిగాయి.

“రేపు సాయంత్రానికి తెచ్చి పెట్టేస్తామమ్మా” అన్నాడు త్రినాధరావు, వాచీ చూసుకుంటూ. ఎంత తేలిగ్గా అన్నాడో! ఊరంతా మోసుకొచ్చి బిగించుకున్న దాన్ని, ఊరి కళ్ళముందే ఊడబీక్కుపోయారు.

సగం పెనం కింద మంట పెడితే మాడిపోతుంది, పెట్టకపోతే పులిసిపోతుంది. డీజిలు ఇంజను కోసం ఊరూరా తిరిగింది. పని రోజుల్లో ఎవడిస్తాడు? మర్నాటికి రసం నురగలు కక్కింది. బిందెలతో తోడి గట్టు కింద పారబోస్తూ, “మీ జిమ్మడ! మీ బేంకులు మండిపోను!” అని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. సాయంత్రమైంది, ఆ మర్నాడు సాయంత్రమూ అయింది. ట్రాన్స్‌ఫార్మర్ రాలేదు. బ్యాంకుల వాళ్ళు ఫొటో తీసుకున్నారట, ఇక అది అక్కణ్ణించి కదలదట.

“కదలదా? కదలదేటో నానూ సూత్తాను” అంది శాంతమ్మ.

కప్పీ, గొలుసులు, పదిమంది మగవాళ్ళు, స్టాన్లీ, అందర్నీ ట్రాక్టరెక్కించి ఎలమంచిలి పక్కూరికి తీసుకెళ్ళింది. స్తంభాల మీద ట్రాన్స్‌ఫార్మర్‌కి పసుపు పూసి, బంతిపూల దండ వేసి ఉంది. దాని కిందే గానుగ ఆడుతోంది. పెనంలో పాకం తిప్పుతున్న దేముడమ్మ అనే ఆవిడ ఈ గొలుసుల్ని చూడగానే దింపడానికే వచ్చారని గ్రహించి, తెడ్డు వదిలేసి, అక్కని పిలిచినట్టు పిలుస్తూ పరిగెత్తుకొచ్చింది.

“అప్పా, ఇంకా సగం సెరుకు ఆడాలప్పా! మూడేళ్ళు సీకట్లో ఉన్నాం. అది నీదని మాకు తెల్దప్పా!”

మగవాళ్ళు స్తంభం ఎక్కబోయారు. శాంతమ్మకి ఒళ్ళు మండిపోతోంది, కానీ ఎవరి మీదని మండాలి? మొన్న తను పడ్డ ఏడుపే ఈవిడ చేత ఏడిపించాలా?

“దిగండ్రా! గానుగాడతంటే ఆపడానికి నానేటి ఇంజనీర్నా? పదండి, అనకాపల్లి పోదాం.”

ట్రాక్టరు తిన్నగా కరెంటు ఆఫీసు ఆవరణలోకి వెళ్ళి, ఆఫీసు ట్రాన్స్‌ఫార్మర్ కింద ఆగింది.

“ఒరే స్టాన్లీ, లైనాపరా.”

“అత్తా, నా ఉజ్జోగం పోద్ది.”

“పోతే నా సేలో పనికి రా. ఆపు ముందు.”

స్టాన్లీ వెళ్ళి లైను ఆపేశాడు. లోపల ఫ్యాన్లు ఆగిపోయాయి. ఇద్దరు స్తంభమెక్కి కప్పీ తగిలిస్తుండగా త్రినాధరావు చెమటలు తుడుచుకుంటూ బయటికి ఉరికాడు.

“ఇది బ్యాంకుల సొమ్ము! ముట్టుకున్నారంటే కేసు పెడతా!”

“పెట్టు బాబూ, పెట్టు! ఆ బేంకోలు దానం సేసేరేటి? అప్పు గదా! దాన్ని నీ జీతంలోంచి తీరుత్తావా? మా బిల్లులు పెంచి మా కాడే గుంజుతారు. మేం తీర్చే అప్పుతో కొన్నది మేం దింపుకుంటాం. నువ్వెవుడివి వద్దనడానికి?”

త్రినాధరావు జేబులోంచి సెల్‌ఫోను తీశాడు. పోలీసులకే అనుకున్నారంతా. కాదు, అదే ఊళ్ళో ఉన్న తమ సామాన్ల స్టోర్సుకి చేశాడు. కాసేపటికే లారీలో కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది, కట్టిన తాళ్ళు కూడా విప్పలేదు. మగవాళ్ళు ఈలలేశారు.

“ఇదెక్కడిది సార్?” అన్నాడు స్టాన్లీ.

“వచ్చే నెల ఇంకో బ్యాంకు బృందం వస్తోంది. వాళ్ళకి చూపించడానికి ఉంచాం. ముట్టుకోవద్దని పైనుంచి ఆర్డరు.”

శాంతమ్మ విన్నది. “అంటే నువ్వు మా ఊరొచ్చిన్నాడు కూడా ఇదిక్కడే ఉన్నాదా?”

త్రినాధరావు చూపు తిప్పుకుని, తాళ్ళు విప్పమని లారీవాళ్ళకి సైగ చేశాడు.

అంత నోరున్న మనిషికీ ఒక్క తిట్టూ రాలేదు. ట్రాక్టరు చక్రం పక్కన చతికిలబడి, రెండు చేతులతో నేల బాదుకుంటూ ఏడ్చింది.

“ఇదిక్కడుండగా నా రసం ఎందుకు పారబోయించేవురా?”