కాటా ఎక్కి కలకత్తా

ఆ ఉదయం నరహరి మేస్టారు తన వీధరుగు మీద కూర్చుని, పక్కనున్న మేకని కాస్త జరగమన్నారు. అరుగు హౌరా మెయిలు. మేక టిక్కెట్టు లేని ప్రయాణికుడు.

ఏ పనైనా ముందు ఉత్తుత్తిగా చేసి చూడనిదే నిజంగా చెయ్యని మనిషాయన. పెళ్ళికి ముందురోజు మూడు ముళ్ళూ పందిరి రాటకి వేసి చూసుకున్నారట. “రాట ఏమీ అనలేదు. ఆ ధైర్యంతో నన్ను చేసుకున్నారు” అంటారు కామాక్షి గారు.

అరవై ఎనిమిది వేసవిలో కొడుకులిద్దరినీ కలకత్తా తీసుకెళ్తానన్నారు. ఇంకేముంది, మే నెలంతా కాశీబుగ్గలో కలకత్తా నడిచింది. ఊరికి కొత్తగా వచ్చిన నన్ను పట్టుకుని టీసీని చేశారు.

పక్కింటి తవిటమ్మకి ఎనిమిదేళ్ళు. నేనూ వస్తానని ఏడుపు. దాన్ని పెంచుతున్న మామ్మ జోగమ్మ, జీడిపిక్కల బట్టీలో పిక్కలు కొట్టే మనిషి, ససేమిరా అంది.

“అంత పెద్దూర్ల మా గుంట తప్పిపోతే నానేటి సేసీది బాబూ?”

“పంపకు. రిహార్సలుకి మాత్రం పంపు. నువ్వూ రా. పెద్దవాళ్ళు తోడు లేకపోతే టీసీ ఒప్పుకోడు” అన్నారు మేస్టారు. నేను ఒప్పుకోనట్టు మొహం పెట్టాను.

గున్నయ్య ఎడ్లబండి ట్రామైంది. ఎడ్లు పక్క సందులోకి తిరగబోతే మేస్టారు కేకలేసేవారు.

“ట్రాము అలా తిరగదురా! కింద పట్టాలున్నాయి!”

“ఆటికి తెల్దు కదా మేస్టారూ.”

“చెప్పు మరి!”

గున్నయ్య దిగి ఎడ్ల చెవుల్లో ఏదో చెప్పేవాడు. అవి వినేవి కావు.

లిఫ్టు పాఠం దగ్గర కథ అడ్డం తిరిగింది. మేస్టారు ఊరంతా వెతికి, జీడిపిక్కల గోదాములో దూలానికి వేలాడే పెద్ద కాటా కనిపెట్టారు. ఒక తట్టలో జోగమ్మని కూర్చోబెట్టి, రెండో తట్టలో బస్తా పడేయించారు. జోగమ్మ దూలం వైపు లేచింది.

“ఓలమ్మో! సచ్చిపోనాను! దింపండి బాబూ!”

“ఎన్నో అంతస్తులో?”

“నేల మీద!”

మూడోసారికి జోగమ్మే, “బస్తా సిన్నదేసినారేటి, పైకి పోనేదు” అని గున్నయ్యని కోప్పడింది.

ఆఖరి పాఠం తప్పిపోవడం. దానికి సంత రోజు ఎంచుకున్నారు. సూత్రం ఒక్కటే: తప్పిపోయినవాళ్ళు ఉన్నచోటే నిలబడి పేరూ ఊరూ అరవాలి, వెతికేవాళ్ళే రావాలి. మేస్టారి కొడుకులిద్దరూ జిలేబీల దగ్గర తప్పిపోయి, అరవడానికి నోరు ఖాళీ లేక అక్కడే ఉండిపోయారు. తవిటమ్మ మాత్రం ఎండుచేపల గంపల మధ్య నిలబడి గొంతెత్తింది.

“నాను తవిటమ్మని! కాశీబుగ్గ నరహరి మేస్టారి తాలూకు!”

ఆ అరుపు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళిన జోగమ్మ సగం దారిలో తనే తప్పిపోయింది. పుట్టి పెరిగిన ఊరి సంతలో! కాసేపు దిక్కులు చూసి, నిలబడ్డచోటే అరిచింది.

“నాను జోగమ్మని! తవిటమ్మ మామ్మని!”

తవిటమ్మ గంపలు దాటుకుంటూ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

సాయంత్రం జోగమ్మ అరుగు దగ్గరికొచ్చింది. “తప్పిపోనా దొరుకుతాది బాబూ. మా గుంటని అట్టుకెల్లండి.”

బయల్దేరే రోజు వాళ్ళని ఎక్కించడానికి వెళ్ళి, పక్కనున్న పలాస స్టేషన్లో కామాక్షి గారిని అడిగాను. “మేస్టారు ఇంతకుముందు కలకత్తా చూడలేదా?”

“మా పుట్టిల్లు అక్కడే కదండీ. పిల్లలిద్దరూ పుట్టిందే అక్కడ.”

“మరి ఆ ట్రాము, ఆ కాటా ఎవరికోసం?”

ఆవిడ గడ్డంతో చూపించారు. ప్లాట్‌ఫారం మీద జోగమ్మ, లిఫ్టులో కళ్ళు ఎప్పుడు మూసుకోవాలో పక్కవాళ్ళకి చెబుతోంది.

సెలవులయ్యాక తిరిగొచ్చారు. వాళ్ళు రైలు దిగీ దిగకముందే జోగమ్మ అడిగింది.

“ఎవలైనా తప్పిపోనారేటే?”

“మేస్టారు!” అంది తవిటమ్మ. “హౌరా టేసన్లో గడియారం కింద నిలబడి ‘నాను నరహరిని’ అని ఒకటే అరుపు. నానే ఎల్లి సెయ్యట్టుకు తీసుకొచ్చాను.”

“నిజంగా తప్పిపోయారా?” అని మేస్టారిని అడిగాను. ఆయన సామాను మొయ్యడంలో మునిగిపోయారు.

ఆ ఆదివారం పూరీ యాత్రకి రిహార్సలు మొదలైంది. అరుగు మీద కిటికీ పక్క సీటు జోగమ్మది. మేకతో కలిపి ఎనిమిది మందిమి. టిక్కెట్లు ఏడు.