హెర్మీనా కాపలా కాసిన ఊయల

మా కోట మ్యూజియానికి వచ్చి హెర్మీనా చేత తిట్లు తినని పిల్లలు ఈ స్లొవాకియా కొండల్లో ఉండరు. "ఒరేయ్, ఖాళీ ఊయల ఊపకు! ఏ బిడ్డకు కీడు తెద్దామనిరా?" అని ఆమె మేడ మీద అరిస్తే, కింద టికెట్ల కిటికీలో నా చేతిలో టీ తొణికేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే అని నెత్తీ నోరూ బాదుకున్నాను. వింటేనా!

ఆ వంపుకాళ్ళ చెక్క ఊయల ఆమె ఇంటిదే. అందులోనే ఆమె పెరిగింది, కొడుకు విన్సెంట్ పెరిగాడు. ఇల్లు ఇరుకైందని ఆమె మొగుడు దాన్ని మ్యూజియానికి ఇచ్చేశాడు. కోటలోకి వెళ్ళిన వస్తువు మళ్ళీ ఇంటికి రాదు. అందుకే ఆయన పోయాక తానే వచ్చి, కాపలా ఉద్యోగం అడిగి, దాని పక్కన కుర్చీ వేసుకుంది.

కోడలు జుజ్కాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. డాక్టర్లు ఏవో కారణాలు చెప్పారు. హెర్మీనా లెక్కలో కారణం ఒక్కటే: తాను భోజనానికి లేచినప్పుడు ఎవరో ఆ ఊయల ఊపారు. అప్పటినుంచి గసగసాల రొట్టె ఒళ్ళో పెట్టుకుని అక్కడే తినేది. నేను నవ్వాను. నవ్వానే గాని, ఆ గదిలోకి వెళితే నా కాలు ఊయలకు తగలకుండా నేనూ దూరంగానే నడిచేదాన్ని.

జుజ్కాకు మూడోసారి కడుపొచ్చి నెలలు నిండుతున్నప్పుడు కొత్త డైరెక్టరు కూబిష్ వచ్చాడు. పిల్లలు వస్తువులను ముట్టుకుని నేర్చుకోవాలట.

"సోమవారం నుంచి ఊయల చుట్టూ ఉన్న తాడు తీసేస్తున్నాం, హెర్మీనా గారూ. ఊయల ఎవరైనా ఊపొచ్చు."

"వద్దు బాబూ, నీకు పుణ్యముంటుంది. మా కోడలు నెలలు నిండిన మనిషి."

"ఈ రోజుల్లో కూడా ఇవేం మాటలండీ?" అని ఆయన నవ్వేశాడు.

ఆమె నా కిటికీ దగ్గరికొచ్చి ఏడ్చింది. "ఈసారి కూడా పోతే నా జుజ్కా తట్టుకోలేదే."

నాకు ఓదార్చడం చేతకాదు. "ఊపేవాళ్ళను ఎలాగూ ఆపలేవు. అది ఖాళీగా లేకుండా చూసుకో, పో!" అని కసిరాను. ఆమె ఏడుపు ఆపి నా వంక చూసింది.

మా ఊళ్ళలో బిడ్డకంటే ముందు ఊయలలో పిల్లిని పడుకోబెడతారు, దాని నిద్ర బిడ్డకు రావాలని. సోమవారం పొద్దున హెర్మీనా, కోట ముంగిట్లో ఎలుకలు పట్టే గండుపిల్లి ముర్కోను చంకనేసుకుని వచ్చింది. పాత కంబళి పరిచి, పందికొవ్వు ముక్క పెట్టి దాన్ని ఊయలలో పడుకోబెట్టింది. నేల గీసుకుపోకుండా మ్యూజియంలో ఇచ్చే ఉన్ని చెప్పులు బూట్ల మీద తొడుక్కుని జారుతూ వచ్చిన బడిపిల్లలు ఊపడం మొదలుపెట్టారు. ఆ మహానుభావుడు కళ్ళు కూడా తెరవలేదు.

"మ్యూజియం వస్తువులో పిల్లేమిటండీ!" అంటూ కూబిష్ పరుగెత్తుకొచ్చాడు.

"ఖాళీగా లేదు కదా బాబూ. ఊపనివ్వు."

ఆయన తిట్టబోయాడు. ఊపడానికి పిల్లల వరస మెట్ల దాకా ఉంది. "సాయంత్రం బొచ్చు దులిపించండి" అని గొణిగి వెళ్ళిపోయాడు. ముర్కోకు అదే ఉద్యోగమైపోయింది.

ఎండలు ముదిరాక ఒకరోజు జుజ్కా ఆడపిల్లను ఎత్తుకుని కోటకు వచ్చింది. నేను కిటికీ మూసేసి వెనకే మేడెక్కాను.

"అత్తయ్యా, మన ఊయలలో ఒక్కసారి పడుకోబెడదామా?"

హెర్మీనా గుమ్మంలో నిలబడ్డ డైరెక్టరు వైపు చూసింది. ఆయన వంగి ముర్కోను ఎత్తుకున్నాడు. "లేవరా, నీ డ్యూటీ అయిపోయింది."

శుభ్రమైన దుప్పటి పరిచి పాపను పడుకోబెట్టారు. హెర్మీనా చేతులు ముడుచుకుని నిలబడిపోయింది.

"ఊపవేమే?" అన్నాను.

"చెయ్యి రావడం లేదే. ఇన్నేళ్ళూ వద్దు వద్దనే కదా అరిచాను."

జుజ్కా అత్త చెయ్యి పట్టుకుని ఊయల అంచు మీద పెట్టింది. అది మెల్లగా కదిలింది. హెర్మీనా కళ్ళనీళ్ళు చెక్క మీద పడుతున్నా కూబిష్ ముర్కో బొచ్చు నిమురుతూ ఉండిపోయాడు. ఆమె నా వైపు తిరిగి, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో అంది:

"చూడవే, ఖాళీగా లేదు."