సర్వపిండికి నేను చేసిన ఉపకారం

జగిత్యాల గ్రంథాలయంలో మూడు బీరువాల పుస్తకాలు చదివి ముగించినవాడికి లోకంలో ఇక తెలియనిదేమీ మిగలదని నేను మనస్ఫూర్తిగా నమ్మిన కాలం ఒకటుంది. (నాలుగో బీరువా తాళంచెవి ఎక్కడో పోయింది. లేకపోతే నాతో వేగడం ఇంకా కష్టమయ్యేదని మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ ఆ తాళంచెవికి మొక్కుతారు.) పదో తరగతితో బడి మానేసి ఒక విత్తనాల దుకాణంలో ఆర్డర్లు రాసుకొచ్చే పనికి కుదిరాను. పగలంతా కోరుట్ల, సిరిసిల్ల, పెగడపల్లి తిరగడం, సాయంత్రం గ్రంథాలయం మూసేదాకా చదవడం. తిరిగేవాడికి ఆకలి వేస్తుంది, చదివేవాడికి అభిప్రాయాలు పుడతాయి. ఆ రెండూ ఒకే మనిషిలో చేరితే చుట్టుపక్కల హోటళ్ళకు ఎంత ప్రమాదమో అప్పట్లో ఎవరూ ఊహించలేదు.

ఫోన్లలో ఇంటర్నెట్టు చవకైన కొత్తరోజులవి. మా మేనబావ ఒక మంచి ఫోను కొన్నాడు. ఆయనకు ఫోనుంది, బండి ఉంది, చెప్పడానికి మాత్రం ఏమీ లేదు. నా దగ్గర చెప్పడానికి మూడు బీరువాలంత సరుకుంది, మిగతావి లేవు. అలా మా తిండి ఛానల్ పుట్టింది. ఆయన వీడియో తీస్తాడు, నేను తింటూ మాట్లాడతాను, అసలు మాట్లాడుతూ ఎప్పుడైనా తింటాను. మొదటి ప్రయోగం ఇంట్లోనే, అమ్మ చేసిన సకినాల మీద. "ఈ వలయాల్లో మన పూర్వీకుల కాలభావన ఇమిడి ఉంది" అని మొదలుపెట్టానో లేదో, అమ్మ నా ముందున్న ప్లేటు లాక్కుంది. "కాలం లేదు, గీలం లేదు. తింటె తిను, లేకుంటె డబ్బల పోస్త. గాలికి మెత్తగైతున్నయ్." ఆ ముక్కతో సహా బావ వీడియో పెట్టేశాడు. కింద వచ్చిన నాలుగు కామెంట్లూ అమ్మనే మెచ్చుకున్నాయి. ప్రజల అభిరుచి ఇంకా ఎదగాలని నేను సరిపెట్టుకున్నాను.

ఆ తర్వాత కోరుట్లలో ఒక బేకరీ మీద పడ్డాం. అక్కడి దిల్‌పసంద్ అప్పుడే పొయ్యిలోంచి దిగింది. పైన గోధుమరంగు పెంకు, లోపల కొబ్బరి, టూటీఫ్రూటీ, పొగలు. ఎవరైనా అయితే కొరికేవారు. నేను పొరల గురించి చెప్పడం మొదలుపెట్టాను. భూమి పొరలు, ఉల్లి పొరలు, సమాజంలో పొరలు. బేకరీ నడిపే భాయ్ చాలా ఓపికమంతుడు. పది నిమిషాలు ఆగి, మెల్లగా దగ్గరికొచ్చి అన్నాడు.

"భాయ్, దిల్‌పసంద్ సల్లగైతుంది. మీరు తింటరా, నన్ను తినమంటరా?"

"చిన్న విశ్లేషణ మిగిలింది, భాయ్."

"విశ్లేషణ బయట చేస్కో. జర అద్దం ముంగట్నుంచి హటో, గిరాకీకి కేకులు కనవడ్తలేవు." మళ్ళీ ఆయనకే జాలేసినట్టుంది. "ముచ్చట లేకుంట తినే జాగ చూస్తరా? సిరిసిల్ల పోండ్రి. సాంచాల గల్లీల ఒక పెద్దమ్మ సర్వపిండి చేస్తది. ఆడ ఒక్కడు నోరు తెరువడు, తినేతందుకు తప్ప."

నన్ను వదిలించుకోవడానికి చెప్పిన మాట అది. నేను మాత్రం ఒక మహత్తర రహస్యం చేతికందినట్టు ఆ వారమే సిరిసిల్లలో దిగాను.

ఆ గల్లీలో మగ్గాల చప్పుడు తప్ప వేరే చప్పుడు వినపడదు. అక్కడివాళ్ళు మరమగ్గాలను సాంచాలంటారు. ఇంటింటా సాంచాలే, పగలంతా టకటకమంటూనే ఉంటాయి. వాటి మధ్య రేకుల కప్పు కింద నాలుగు బెంచీలు, నాలుగు పొయ్యిలు, నాలుగు గిన్నెలు, అరవై ఏళ్ళ పెద్దమ్మ. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, మిర్చి కలిపి, గిన్నె లోపలి గోడకంతా పలచగా ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, వాటిలో నూనె వదిలి మూతపెడుతుంది. మంట సన్నగా ఉండాలి, తొందరపెడితే మాడుతుంది. నాలుగు గిన్నెలకు ఒకసారికి నాలుగే దిగుతాయి. కొసలు కరకరమంటూ, నడుమ మెత్తగా. నేను తిన్న మొదటి ముక్కకు నా నోట మాట రాలేదు. (మూడు బీరువాల తర్వాత ఇలా జరగడం అదే మొదటిసారి.)

పనివాళ్ళు వస్తున్నారు, వేళ్ళు చూపిస్తున్నారు. ఒక వేలంటే ఒకటి, రెండంటే రెండు. పెద్దమ్మ పెడుతోంది, వాళ్ళు తల వంచుకుని తిని పోతున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. ఎందుకు మాట్లాడటం లేదని పక్కన కూర్చున్న ఏ మనిషినడిగినా అర నిమిషంలో చెప్పేవాడు. కానీ అడిగి తెలుసుకోవడం చదువుకోనివాళ్ళ పద్ధతి. నేను బావ ఫోను వైపు తిరిగి గొంతు తగ్గించి ప్రకటించాను. "మిత్రులారా, ఇది మౌనభోజనం. ఆహారాన్ని ధ్యానంగా భావించే అరుదైన ఆచారం ఈ నేత పట్టణంలో నేటికీ సజీవంగా ఉంది. ఇక్కడికి వస్తే మాట్లాడకండి. కళ్ళు మూసుకోండి. ప్రతి పల్లీని విడిగా పలకరిస్తూ, నిదానంగా, ఎంతసేపైనా సరే, తినండి."

ఆ వీడియో మా చుట్టాల పరిధి దాటిపోయింది. తర్వాత మండలాలు దాటింది, జిల్లాలు దాటింది. ఎవరెవరో దాన్ని ముక్కలు చేసి, వెనక వేణుగానం తగిలించి తమ పేర్లతో పెట్టుకున్నారు. "బ్రో, లొకేషన్ పెట్టు" అని వేలమంది అడిగారు. బావ పెట్టాడు.

మూడు వారాల తర్వాత, పెద్దమ్మ మాకు ఏ రకం సన్మానం చేస్తుందోనని ఉతికిన చొక్కాలు వేసుకుని వెళ్ళాం. గల్లీ మొదట్లోనే బండి ఆగిపోయింది. ముందంతా కార్లు. నడిచి వెళ్ళి చూస్తే నాలుగు బెంచీల నిండా జనం, కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నారు. కరీంనగర్ నుంచి వచ్చిన ఒక జంట గంట నుంచి ఒకే సర్వపిండిని పలకరిస్తోంది. వేములవాడ దర్శనం ముగించుకుని వచ్చిన ఒక కుటుంబం చేతులు కూడా జోడించింది. బయట ఎండలో అయిదారుగురు పనివాళ్ళు వేళ్ళు చూపిస్తూ నిలబడి ఉన్నారు. దిగినవి దిగినట్టే కార్లవాళ్ళ ప్లేట్లలోకి పోయి గిన్నెలు ఖాళీ.

పెద్దమ్మ నన్ను గుర్తుపట్టింది. అట్లకాడ చేతిలో పట్టుకునే లేచింది.

"ఏం కొడుకా, నువ్వే గదా గీ నోములు వట్టిచ్చినోడివి?"

"పెద్దమ్మా, నీ పేరు రాష్ట్రమంతా..."

"నా పేరును ఏం జేస్కోవాలె, ఎసట్ల వోసుకోవాల్నా? ఒక్కొక్కలు కూసుంటె లేవనే లేవరు! లేవుండ్రి అంటె నోటి మీద వేలు వెట్టుకొని నన్నే ఊకోమంటరు. నా హోటల్ల నన్నే!"

పక్కనే నిలబడ్డ ఒక పెద్దమనిషి నా భుజం తట్టాడు. ఒక్కడే ఆరు సాంచాలు నడుపుతాడని ఆయన్ను అందరూ ఆరు సాంచాల మామ అంటారట. సాంచాల చప్పుడుకు చెవులు మందగించినవాడు కాబట్టి చాలా గట్టిగా మాట్లాడతాడు.

"నువ్వు మస్తు సదువుకున్నవంట గదా, పిల్లగా. మేమెందుకు మాట్లాడమో చెప్పు."

నేను ధ్యానం అనబోయి ఆగాను.

"చెవులు వినవడవు, గందుకు! ఇగ నిదానంగ తినుడా? నేనీడున్నంత సేపు నా ఆరు సాంచాలు పక్కోడు జూస్తడు. ఆనియి ఆరు, నాయి ఆరు. పోగు తెగితె బట్ట ఖరాబైతది. పావుగంటల నేను ఉరికితె, అప్పుడు ఆడు తిననీకి అస్తడు. ఆనెనక ఇంకోడు. ఇయ్యాల నేను తినలే, ఆడు తినడు, ఆనెనకోడు తినడు. సమజైందా?"

సమజైంది. మూడు బీరువాల్లో ఎక్కడా లేని విషయం కాబట్టి కొంచెం ఆలస్యంగా అయింది.

పెద్దమ్మ గొంతు తగ్గించింది. కోపం కన్నా అదే ఎక్కువ భయపెట్టింది. "గీ కార్లల్ల వచ్చెటోళ్లు నెల రోజులు వస్తరు, ఇంకో వీడియో రాంగనే ఆడికి వోతరు. సాంచాలోళ్లు ఇరవై ఏండ్ల సంది నా చేతి పిండి తింటుండ్రు. ఇప్పటికే సగం మంది బస్టాండు కాడి బజ్జీలకు మర్లిండ్రు. ఆళ్లకు అదే అలవాటైతె నేనేం గావాలె? నువ్వే తెచ్చినవ్, నువ్వే తీస్కపో."

వీడియో తీసేశాం. ఏం లాభం, వేణుగానంతో తిరుగుతున్న ముక్కలు మా చేతిలో లేవు. నేను క్షమాపణ ప్రసంగం చేస్తానన్నాను. "నువ్వు మాట్లాడే గిట్లయింది" అంది పెద్దమ్మ. చివరికి ఉపాయం ఆమే చెప్పింది. "మంచిగుందంటెనే గదా వస్తుండ్రు? మంచిగలేదని చెప్పు."

సాహిత్య విలువలున్న మనిషిని, అబద్ధమా అని ఒక పూట గింజుకున్నాను. ఎండలో నిలబడిన ఆ వేళ్ళు గుర్తొచ్చి ఒప్పుకున్నాను. మర్నాడు గల్లీ చివర నిలబడి, ప్లేటు పట్టుకుని మొదలుపెట్టాం. ముక్క నోట్లో పెట్టుకుంటాను, తిట్టాలి, కానీ ముఖం నా మాట వినదు. పెదాలు వాటంతట అవే విచ్చుకుంటాయి. అయిదుసార్లు తీశాం, అయిదుసార్లూ అంతే.

"ఏంది బామ్మర్ది, తిట్టుమంటె పెండ్లికొచ్చినట్టు నవ్వుతవ్?" అని బావ ఫోను దించేశాడు. "తిన్నన్ని తిన్నవ్. ఇగ తినకుంటనే తిట్టు."

అలాగే చేశాను. తినకుండా విమర్శించడం అంత సులువని నాకప్పుడే తెలిసింది. (చాలామంది పేరున్న విమర్శకులు పాటించే పద్ధతి అదేనని తర్వాత తెలిసింది.) మాట తర్వాత మాట తన్నుకొచ్చింది. "ఉప్పు వంటలో కరిగిపోవాల్సిన అతిథి. ఈ సర్వపిండిలో అది కుర్చీ వేసుకుని కూర్చుంది. పల్లీని అణచివేసింది, నువ్వును నోరెత్తనివ్వలేదు. రెండో ముక్కకు నాలుక క్షమాభిక్ష కోరుతుంది." ఏడు నిమిషాలు ఉప్పు మీదే మాట్లాడాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు, ఒట్టు. ఆ వీడియో కూడా ముక్కలై తిరిగింది, ఈసారి ఏడుపు వాయిద్యంతో. పదిహేను రోజుల్లో గల్లీలో ఒక్క కారు లేదు. పనివాళ్ళు వేళ్ళు చూపిస్తున్నారు, తింటున్నారు, ఉరుకుతున్నారు.

విజయం చూసుకోవడానికి వెళ్ళాను. పెద్దమ్మ పలకరించింది, నవ్వలేదు. ప్లేటు ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది, ఎప్పుడూ అలా కూర్చునేది కాదు. ముక్క కొరికాను. కరకర అంతా ఉంది, ఏదో తక్కువైంది.

"ఇప్పుడు సరిపోయిందా?" అంది.

"ఏంది పెద్దమ్మా?"

"ఉప్పు. కోడలు ఫోన్ల జూపిచ్చింది. రెండుసార్లు ఇన్న."

"అయ్యో, అది అబద్ధం పెద్దమ్మా! నువ్వే చెప్పమంటివి గదా!"

"మంచిగలేదని చెప్పుమన్న. మంచిగలేదంటె ఒక్క ముక్కల ఒడుస్తది. ఉత్త అబద్ధమైతె గంతసేపు, గంత ఇగురంగ ఎట్ల చెప్తవ్? ఎంతో కొంత ఉంటెనే గదా మాటొచ్చేది." చేతిలోని పిండి దులుపుకుంది. "ఇన్నేండ్లల ఎవ్వలు అనలే. మొఖమాటపడ్డరేమో. నువ్వు సదువుకున్నోడివి, చెప్పినవ్."

ఎన్ని ఒట్లు వేశానో. బావను సాక్ష్యం తెచ్చాను. ఆరు సాంచాల మామ గల్లీ అంతా వినపడేలా అరిచి మరీ చెప్పాడు, "ఉప్పు తక్వైంది, ఓ అక్కా!" అని. ఆమె వింటుంది, తల ఊపుతుంది, మర్నాడు ఆ చిటికెడు మళ్ళీ తక్కువే వేస్తుంది. వారం తిరిగేసరికి పనివాళ్ళు బెంచీల మీద చిన్న గిన్నెలో ఉప్పు తెచ్చిపెట్టుకున్నారు. నేను కనబడితే చాలు, ఎవరో ఒకరు ఆ గిన్నెను మాట్లాడకుండా నా ముందుకు జరిపేవారు.

ఛానల్ అప్పుడే మూసేశాం. ఇప్పుడు నాకు జగిత్యాలలో సొంతంగా విత్తనాల కొట్టుంది, పెళ్ళయింది, ఇంట్లో పెట్టింది పెట్టినట్టు తింటాను. సిరిసిల్ల వైపు వెళ్ళినప్పుడల్లా ఆ గల్లీలో ఆగుతాను. పెద్దమ్మ ఇంకా పొయ్యి ముందే కూర్చుంటుంది, సర్వపిండి ఇంకా ఒక చిటికెడు చప్పగానే ఉంటుంది. "ఉప్పు తక్కువైంది పెద్దమ్మా" అంటాను. "ఊకో కొడుకా, నా మనసు నొవ్వద్దని అంటున్నవ్" అని నవ్వుతుంది. అన్నేళ్ళు, అన్ని ఊళ్ళు, అన్ని మాటలు మాట్లాడానా, నా మాటను అక్షరాలా నమ్మి నడుచుకున్న మనిషి లోకంలో ఒక్కరే దొరికారు, అదీ నేను అబద్ధమాడిన రోజున. ఆ ఉతికిన చొక్కా కుర్రవాడు ఇప్పుడు నాకు ఎదురైతే, చెవి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టి, ముందు తిను నాయనా, ఆ తర్వాత పక్కవాణ్ణి అడుగు, ఇంకా ఏమన్నా మిగిలితే అప్పుడు మాట్లాడు అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడులెండి. చదువుకున్నవాడు.