దారపుండ లోపలి చీటీ

ముప్ఫై ఏళ్లపాటు మా ఇంట్లోకి ఒకే కంపెనీ లేసు దారం వచ్చింది. ఆ నియమం పెట్టినవాణ్ణి నేనే. ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసినంతకాలమూ ప్రతి వస్తువుకూ ఒక కొలత, ఒక పద్ధతి ఉండాలని పట్టుబట్టినవాణ్ణి. ఆ కంపెనీ చిలపకు, అంటే దారపు చుట్టకు, చుట్టి వచ్చే చీటీ మీద బరువు, పొడవు, రంగు, తయారీ విడత సంఖ్య అన్నీ ఉండవలసిన చోట, చదవగలిగిన అక్షరాల్లో ఉండేవి. నరసాపురంలో వేరే కంపెనీ దారం కూడా బాగుంటోందని నా భార్య ఎన్నిసార్లు చెప్పినా నేను వినిపించుకోలేదు. ఆ నమ్మకానికి కంపెనీవారు ఏ పాటి విలువ ఇచ్చారో ఈమధ్యనే తెలిసింది.

మా వీధిలో ఆరుగురు ఆడవాళ్లు ఎవరింట్లో వారు కూర్చుని లేసు పువ్వులు అల్లుతారు. వాటిని ఒకదానికొకటి అతికి దుప్పటిగా చేసే పని నా భార్యది. ఈసారి ఎగుమతి వ్యాపారి తరఫు ఏజెంటు కొత్తవాడు. నూట ఎనభై పువ్వుల దుప్పటి ఒకటి అడిగాడు. అది నచ్చితే ఏడాది పొడవునా ఆరుగురికీ పని ఇస్తానన్నాడు. నచ్చకపోతే మరో ఊరు చూసుకుంటానని కూడా మొహమాటం లేకుండానే చెప్పాడు. "నాదీ పూచీ" అని మాట ఇచ్చింది నా భార్యే.

అతికే ముందు పువ్వులను ఉతికి పెరట్లో చాప మీద ఆరబెట్టడం ఆనవాయితీ. ఆ రోజు ఎండ బాగా కాసింది. కాసేపటికి పెరట్లోంచి పిలుపు వినిపించింది.

"ఏమండీ, ఒకసారి ఇలా వచ్చి చూడండి. నా కళ్లకేనా, మీక్కూడా అలాగే ఉందా?"

నాకూ అలాగే ఉంది. నూట ఇరవై పువ్వులు పాల తెలుపు. ఇద్దరు ఆడవాళ్లు అల్లి తెచ్చిన అరవై పువ్వులు మాత్రం కాస్త పసుపు తేలి, బియ్యం కడిగిన నీళ్ల రంగులో ఉన్నాయి. ఉతకక ముందు ఎవరికీ ఆ తేడా తెలియలేదు. ఆ ఇద్దరిలో ఒకామె చాప పక్కన చతికిలబడి, ఏడవలేక నవ్వింది.

"మాస్టారూ, మీ కంపెనీ దారం పసుపు రాసుకుని పెళ్లికూతురైందండి."

ఏజెంటు రావడానికి పద్నాలుగు రోజులుంది. నేను వెంటనే కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. రికార్డు చేసిన గొంతు ఒకటి నొక్కమంది, నాలుగు నొక్కమంది, మళ్లీ మొదటికి తెచ్చింది. చాలాసేపు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి పలికింది.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సర్. లేబుల్ ఫొటో పంపించండి సర్."

"లేబుల్ ఉండ లోపల ఉందమ్మా."

"లోపల అంటే సర్?"

మా ప్రాంతపు పద్ధతిని ఆమెకు వివరించాను. ఇక్కడి ఆడవాళ్లు చిలపను కుర్చీ వీపుకు తగిలించి, చీటీని నాలుగు మడతలు పెట్టి, దాని మీదే దారం చుట్టి ఉండ చేస్తారు. వాళ్ల అమ్మలూ అంతే చేశారు. దారమంతా అయిపోతే గాని చీటీ బయటపడదు.

"అంటే లేబుల్ పారేశారా సర్?"

"పారెయ్యలేదమ్మా. దాని మీదే దారం చుట్టారు."

"లేబుల్ లేకుండా కంప్లైంట్ తీసుకోవడం కుదరదు సర్. ఇంకేమైనా సహాయం చేయగలనా సర్?"

"ఇంకేమైనా అనడానికి ముందు ఒకటంటూ చేసి ఉండాలి కదా?"

ఆమె మళ్లీ చింతించింది.

పసుపు తేలిన పువ్వుల తాలూకు ఉండ ఒకటి సగం మిగిలి ఉంది. దాన్ని పట్టుకుని అరుగు మీద కూర్చుని విప్పడం మొదలుపెట్టాను. దారం కుర్చీ కాళ్లకు చుట్టుకుంది, నా కళ్లజోడుకూ తగులుకుంది.

"మాస్టారు గాలిపటం ఎగరేస్తున్నారేంటండి?" అని వీధిలోంచి ఒకామె అడిగింది.

"రిటైరయ్యాక ఏదో ఒక పని ఉండాలి కదమ్మా," అని లోపల్నుంచి నా భార్య జవాబు చెప్పింది.

చివరకు చీటీ దొరికింది. మడతలు సరిచేసి, ఫొటో తీసి, విషయమంతా వరుస క్రమంలో రాసి పంపాను. నాలుగు రోజులు ఎదురుచూశాను. అయిదో రోజు పొద్దున్నే సందేశం వచ్చింది. నా సమస్య సంతృప్తికరంగా పరిష్కారమైందట. వారి సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తానో చెప్పాలట. మళ్లీ ఫోన్ చేస్తే, "సిస్టమ్‌లో క్లోజ్ అయిపోయింది సర్, కొత్తగా ఇవ్వండి సర్," అన్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎన్నో రిజిస్టర్లు నిర్వహించాను. పని జరగకుండా జరిగినట్టు రాసిన గుమాస్తాను ఒక్కనాడూ క్షమించలేదు. ఇక్కడ ఎవరిని మందలించాలో కూడా తెలియలేదు.

నేను ఫోన్‌తో కుస్తీ పడుతుండగా నా భార్య చెప్పకుండా బస్సెక్కి నరసాపురం వెళ్లింది. నేను ముప్ఫై ఏళ్లుగా వద్దన్న ఆ రెండో కంపెనీ దారం అమ్మే చిన్న దుకాణంలో మా గోడు చెప్పుకుంది. మర్నాడు పొద్దున్నే మొగల్తూరు నుంచి యాభై ఏళ్ల మనిషి ఒకామె స్కూటీ మీద మా ఇంటికొచ్చింది. ఆ కంపెనీ తరఫున ఊళ్లు తిరిగే ఉద్యోగి. మంచినీళ్లు తాగి, బాగున్న పువ్వు ఒకటి ఇమ్మని అడిగింది. తన సంచిలోంచి ఆరు రకాల తెల్ల దారాలు తీసి, ఒక్కొక్క దానితో వేలెడంత లేసు అల్లి, ఉతికి, మా పిట్టగోడ మీద ఆరబెట్టింది. మధ్యాహ్నం ఎండలో వాటిని మా పువ్వు పక్కన పెట్టి చూస్తే నాలుగోది అచ్చంగా కలిసిపోయింది.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "పాడైంది మీ దారం కాదు. మీకెందుకమ్మా ఇంత శ్రమ?" అన్నాను.

"దారం ఎవరిదైనా అల్లింది మనవాళ్లే కదండీ. రేపట్నుంచి మాది కొంటారన్న ఆశ కూడా ఉందండి. లేదని అబద్ధమెందుకు?"

ఆ నిజాయితీ నాకు నచ్చింది. ఆమె ఆ తర్వాత చేసిన పనికి మాత్రం నా మీద నాకే చిరాకు పుట్టింది. సంచిలోంచి చిన్న అట్టముక్కలు తీసి ఆరుగురికీ పంచింది.

"మా అమ్మ కూడా చీటీ మీదే చుట్టేదమ్మా. ఇకమీదట లోపల ఈ అట్ట పెట్టుకోండి, చీటీ బయట దాచండి. అందరి చీటీల మీదా ఒకే విడత నంబరుందో లేదో చూసుకున్నాకే సూది పట్టండి. విడత మారితే తెలుపు కూడా మారుతుంది."

ముప్ఫై ఏళ్లు ఆ చీటీ ముద్రణను మెచ్చుకున్నాను. అది ఏ ఉండలో మాయమవుతోందో ఒక్కసారీ అడగలేదు. తయారుచేసే కంపెనీ కూడా అడగలేదు.

మిగిలిన తొమ్మిది రోజుల్లో ఆరుగురూ ఆ నాలుగో రకం దారంతో తలా పది పువ్వులు మళ్లీ అల్లారు. మొగల్తూరు ఆమె రెండుసార్లు వచ్చి చూసింది. వదులుగా ఉన్న ఒక పువ్వును విప్పించింది కూడా. అంతమాత్రాన ఆమె కంపెనీ సరుకులో లోపాలు లేవని కాదు. చీటీ వంకరగా అంటిస్తారు, దారానికి నూగు ఎక్కువ. ఆ మాటే అంటే నా భార్య అతుకు పని మీంచి తలెత్తకుండానే, "మీ కంపెనీ చీటీ అందంగానే ఉంటుందండీ, దాన్ని పరుపు మీద పరుచుకోలేం కదా," అంది.

ఏజెంటు చెప్పిన రోజుకు వచ్చాడు. దుప్పటిని ఎండలో నులకమంచం మీద పరిపించి, ఒకవైపు చూశాడు, తిరగేయించి రెండోవైపు చూశాడు. ఆరుగురూ వంటింటి గుమ్మంలో ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. అతను ఒక మూల పట్టుకుని జాగ్రత్తగా మడతపెట్టించాడు.

"ఇదే కొలతలో ఇంకో రెండు కావాలండి. ఏ దారం వాడారు?"

నూట ఇరవై పువ్వులు పాత కంపెనీ దారానివేనని చెప్పడానికి నేను నోరు తెరిచేలోగా ఆరుగురూ ఒక్కసారిగా కొత్త కంపెనీ పేరు చెప్పారు.

అతను వెళ్లాక నా అభ్యంతరం చెప్పాను. తొమ్మిది రోజుల పరిచయంతో ఒక కంపెనీని నమ్మడం పద్ధతి కాదన్నాను. ఆ మనిషిని రేపు మరో ప్రాంతానికి మారిస్తే ఏం చేస్తారని అడిగాను.

"మార్చినప్పుడు చూద్దాంలెండి," అంది నా భార్య. "ముందు ఆమెకి ఫోన్ చేసి నలభై చిలపలు పంపమనండి. అన్నీ ఒకే నంబరువి."

వాదించి ప్రయోజనం లేదని ఫోన్ చేశాను. రెండో మోతకే ఎత్తింది. నేనింకా నమస్కారం కూడా చెప్పలేదు.

"ఏంటి మాస్టారూ, దుప్పటి ఒప్పుకున్నాడా అండి?" అంది.

"ఒప్పుకున్నాడమ్మా," అని, నా భార్య చెప్పిన లెక్క చెప్పాను.