జప్తు కాని కుట్టుమిషను

నా చిన్నప్పుడు మేము ఉత్తరాదిన ఒక ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో, బర్మామైన్స్ అనే పేటలో, రైలు పట్టాల పక్క సందులో ఉండేవాళ్లం. నాన్న జబ్బుకు అమ్మ పక్కనున్న జుగ్సలాయి బజారులో ఒక వ్యాపారి దగ్గర అప్పు చేసింది. నాన్న దక్కలేదు, అప్పు మాత్రం మిగిలింది. సందులో ఆడవాళ్లకు జాకెట్లు కుట్టి అమ్మ మమ్మల్ని పోషించేది. ఆ వ్యాపారి కోర్టుకెక్కి గెలిచాడు. సామాను జప్తు చేయడానికి కోర్టు అమీనా వస్తున్నాడని ఒకరోజు పొద్దున్నే కబురొచ్చింది.

ఇక చూడాలి మా సందు హడావుడి! మావాళ్లకు తెలిసిన ఉపాయం ఒక్కటే, దాచెయ్యడం. గిన్నెలు ఒకరింటికి, బొంతలు ఇంకొకరింటికి వెళ్లిపోయాయి. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి మోసుకుపోతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. అది పోతే మా నోట్లోకి ముద్ద పోదని నాకూ తెలుసు.

మాతోనే ఉండే తాతయ్య, నాన్నకు తండ్రి, శ్రీకాకుళం వైపు ఒక కోర్టులో బంట్రోతుగా చేసి వచ్చినవారు. ఆయనకు కోపమొస్తే గొంతు సందు చివరిదాకా వినబడేది.

"ఏటమ్మా, దొంగసొత్తులాగ మోసుకుపోతన్నారు? తెచ్చి ఎక్కడిదక్కడ ఎట్టండి. వొండుకునే గిన్ని, పడుకునే బొంత, పనిచేసుకు బతికే సామాను కోర్టోడు ముట్టుకోడానికి నేదు. సట్టమే ఒద్దంది. దాసేత్తే మనమే దొంగలమవుతాం."

సామానంతా వెనక్కి వచ్చింది. తాతయ్య అమ్మను మిషను దగ్గర కూర్చోబెట్టి కుట్టమన్నారు. పక్కింటి అక్క మా పొయ్యి వెలిగించి ఎసరు పెట్టింది. మిగతా ఆడవాళ్లు తమ జాకెట్టు గుడ్డలు పట్టుకుని సాక్షుల్లా మా అరుగు మీద కూర్చున్నారు.

అమీనా వచ్చి నేరుగా మిషను మీద చెయ్యి వేశాడు. ఇవన్నీ ఈ మిషను మీద కుట్టాల్సినవే అన్నట్టు ఆడవాళ్లంతా ఒక్కసారే గుడ్డలు పైకెత్తారు. తాతయ్య వచ్చీరాని హిందీలో, "ఇసీసే ఖాతా హై సాబ్, కానూన్ మే మనా హై" అన్నారు, దీంతోనే తింటున్నాం, దీన్ని ముట్టుకోవద్దని చట్టంలోనే ఉందని. అమీనా మిషను మీంచి చెయ్యి తీసేశాడు. గోడ గడియారం, నాన్న సైకిలు రాసుకుని తీసుకెళ్లాడు. సైకిలు పోతుంటే నాకు దుఃఖం ఆగలేదు.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర, మనం వ్యాపారిని మోసం చేశామా మావయ్యా అని అమ్మ భయంగా అడిగింది.

"మోసమేటమ్మా? అప్పు తీర్చాల్సిందే. బతికుంటేనే గదా తీరుత్తాం" అన్నారు తాతయ్య.

అమ్మ కళ్లు పోయేలా కుట్టి, చివరి పైసా దాకా తీర్చింది.

ఇప్పటికీ చుట్టుపక్కల ఎవరైనా అప్పులవాళ్లకు భయపడి తలుపులు మూసుకున్నారని తెలిస్తే నేను ఊరుకోలేను. వెళ్లి తలుపు తీయిస్తాను. ముందు అన్నం వండిస్తాను. ఆ తర్వాత వాళ్ల పక్కనే కూర్చుంటాను, వచ్చేవాడు వచ్చేదాకా.