పాడైన సరుకు

బరంపురంలో మాది బెల్లం హోల్‌సేల్ కొట్టు. నోట్లో వేసుకుని చూడందే ఏ సరుకూ కొనను. ఆమధ్య మా బావమరిది బెంగళూరు నుంచి బార్లీవైన్ అనే ఘాటైన బీరు తెచ్చి, లంజిపల్లి పేటలో మా ఇంటి డాబా మీద గ్లాసులో పోశాడు. పాకంలా చిక్కగా ఉంది, నారింజ తొక్క వాసన. గుక్క వేస్తే వేపాకు నమిలినట్టయింది.

"నిన్నెవడో మోసం సేసినాడ్రా. ఇది పాడైపోనాది," అన్నాను.

"దీని రుచే అంత, బావా."

పాత సరుకు అంటగట్టే ప్రతివాడూ అనే మాటే! లోపమేదో పట్టుకుందామని ఇంకో గుక్క, మరో గుక్క వేశాను. అది దొరికేలోగా డాబా తిరగసాగింది. లేవబోయి, అప్పుడే పైకొచ్చిన మా ఆవిడ ముందే కూలబడ్డాను.

"సరుకు పాడైపోనాదే," అని గొణిగాను.

"మరి గ్లాసెలా ఖాళీ అయిపోనాదండీ?"

ఇప్పుడు మా కొట్లో, బెల్లం బాగోలేదంటూనే మూడో ముక్క నోట్లో వేసుకునేవాణ్ణి చూస్తే, నాకు బెల్లం మీద అనుమానం రాదు.